అతుకుల దగ్గరే అసలు పరీక్ష

2024 జనవరి 5 సాయంత్రం అమెరికాలోని పోర్ట్‌లండ్ నుంచి బయల్దేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం దాదాపు 15 వేల అడుగుల ఎత్తుకు చేరేసరికి, పక్కగోడలో తలుపుకు బదులుగా బిగించిన పలక ఒకటి ఊడి చీకట్లోకి ఎగిరిపోయింది. అదృష్టవశాత్తు విమానంలో ఉన్న 177 మందీ ప్రాణాలతో దిగారు. ఆ పలకను పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులు ఊడిపోలేదనీ, ఫ్యాక్టరీలోనే వాటిని తిరిగి బిగించలేదనీ అమెరికా రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేలింది.

అదెలా జరిగిందన్నదే ఆసక్తికరం. పలక మలేషియాలో తయారైంది. కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో స్పిరిట్ ఏరోసిస్టమ్స్ అనే కంపెనీ దాన్ని విమానం మొండెంలో అమర్చింది. ఆ మొండెం వాషింగ్టన్ రాష్ట్రంలోని రెంటన్‌కు, బోయింగ్ ఫ్యాక్టరీకి చేరింది. అక్కడ ఐదు రివెట్లు సరిగా లేవని బయటపడింది. రివెట్లు సరిచేయాల్సింది స్పిరిట్ మనుషులు. వాటికి అడ్డంగా ఉన్న పలకను తెరవాల్సింది బోయింగ్ మనుషులు. రివెట్ల పని సక్రమంగానే పూర్తయింది. కానీ పలక తెరిచినట్టు రికార్డులో ఎవరూ రాయలేదు. తెరిచినట్టే కాగితం లేనప్పుడు, మూశాక తనిఖీ చేయాలన్న పని ఎవరి జాబితాలోకి ఎక్కుతుంది?

రెండు కంపెనీల్లోనూ నాణ్యతా విభాగాలుండేవి, ఆడిటర్లుండేవారు, అల్మారాల నిండా మాన్యువళ్ళుండేవి. తన మనుషులకు తగిన శిక్షణ, మార్గదర్శకత్వం, పర్యవేక్షణ ఇవ్వలేదని తుది నివేదిక బోయింగ్‌నే తప్పుపట్టింది. అయితే బోల్టులు జారిపోయిన చోటు మాత్రం ఒకరి పని ఆగి మరొకరి పని మొదలయ్యే అతుకు. ఒక కంపెనీ ఎంత గొప్పగా నడుస్తోందో అంచనా వేయాలనుకునే కొనుగోలు మేనేజరైనా, పెద్ద ఆర్డరు పుచ్చుకోబోతున్న చిన్న యూనిట్ యజమానైనా, ఉద్యోగం మారాలనుకునే ఇంజనీరైనా ముందు చూడాల్సిన చోటు అదే. ఈ మాట రెంటన్‌కు ఎంత వర్తిస్తుందో హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లకూ అంతే వర్తిస్తుంది. అపాచీ హెలికాప్టర్ల మొండేలు, 737 విమానాల నిలువు తోక భాగాలు టాటా బోయింగ్ సంస్థ తయారుచేస్తున్నది అక్కడే.

శ్రేష్ఠతను కొలిచే పద్ధతులకు లోటేమీ లేదు. అమెరికా 1987లో చట్టం చేసి 1988లో మాల్కమ్ బాల్డ్రిజ్ అవార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. యూరప్‌లో ఇ.ఎఫ్.క్యూ.ఎం. అనే సంస్థ నమూనా ఉంది. జపాన్ ఇచ్చే డెమింగ్ ప్రైజ్‌ను మన దేశంలో మొదట గెలుచుకున్నది చెన్నైకి చెందిన సుందరం క్లేటన్, 1998లో. బాల్డ్రిజ్ నమూనా ఆధారంగా టాటా గ్రూపు సొంత పద్ధతినే తయారుచేసుకుంది. ఇవన్నీ ఆలోచించి కట్టిన పద్ధతులే. కానీ ఇవి పుట్టిన రోజుల్లో కంపెనీ అంటే ఒక ప్రహరీ, ఒక గేటు, గేటు లోపల జరిగే పని. మార్కులూ దానికి తగ్గట్టే ఉండేవి. ఇ.ఎఫ్.క్యూ.ఎం. 2010 నమూనాలో మొత్తం వెయ్యి మార్కులైతే, ‘భాగస్వామ్యాలు, వనరులు’ అన్న అంశానికి దక్కినవి వంద. ఆ వందలో కూడా డబ్బు, భవనాలు, యంత్రాలు, టెక్నాలజీ, సమాచారం తలా కాస్త పంచుకోగా సరఫరాదారులకు మిగిలింది గోరంత. 2020 నమూనాలో దీన్ని దిద్దుకున్నారు. కంపెనీ చుట్టూ ఉన్న వ్యవస్థ మొత్తాన్నీ చూడాలని ఇప్పుడు ఆ సంస్థే చెబుతోంది.

గేటు లోపలి మార్కులను నమ్ముకుంటే ఏమవుతుందో వాలెస్ కంపెనీ చరిత్ర చూస్తే తెలుస్తుంది. అది హ్యూస్టన్‌లో పైపులు, వాల్వులు అమ్మే చిన్న సంస్థ. 1990లో బాల్డ్రిజ్ అవార్డు గెలిచింది. 1992 వచ్చేసరికి దివాలా రక్షణ కోసం కోర్టు మెట్లెక్కింది. అవార్డు తప్పుగా ఇచ్చారని కాదు. లోపల పని ఎంత పద్ధతిగా జరుగుతోందో ఆ మార్కులు చెప్పాయి. కొనేవాళ్ళు చేతులు ముడుచుకున్న రోజున ఆ పద్ధతికయ్యే ఖర్చును ఎవరు మోస్తారో చెప్పలేదు.

లెక్క వైపు నుంచి చూసినా కథ ఇంతే. ఒక వస్తువు ఎనిమిది చేతులు మారి కస్టమరును చేరుతుందనుకుందాం. ప్రతి చేయీ నూటికి 95 సార్లు సరైన సరుకును సరైన సమయానికి అందిస్తోంది. విడివిడిగా చూస్తే ఎనిమిది మందికీ మంచి వెండర్ అన్న పేరే. ఒకరి ఆలస్యానికి మరొకరి ఆలస్యంతో సంబంధం లేదనుకుంటే, చివర్లో నిలబడ్డ కస్టమరుకు అన్నీ సవ్యంగా అందేది నూటికి 66 సార్లు మాత్రమే. ఎనిమిది రిపోర్టుల్లోనూ పచ్చరంగే కనిపిస్తుంది. కస్టమరు మాత్రం ఫోన్ చేసి తిడుతూనే ఉంటాడు. కాబట్టి భాగస్వాముల సగటు చూసి మురిసిపోకుండా గొలుసు చివరి అంకెను ముందుగా అడగాలి. ఆ అంకె ఎవరి దగ్గరా లేదంటే, మొత్తానికి జవాబుదారీ ఎవరూ లేరని అర్థం.

ఈ విషయంలో ఎంత చదివినా తరగని పాఠం జపాన్‌లో ఉంది. 1997 ఫిబ్రవరి 1, శనివారం తెల్లవారుజామున కరియాలోని ఐసిన్ సేకీ ఫ్యాక్టరీ తగలబడింది. అక్కడ తయారయ్యేది పి-వాల్వ్, సిగరెట్ పెట్టెంత భాగం. వెనక చక్రాల బ్రేకులకు వెళ్ళే ఒత్తిడిని అదుపు చేస్తుంది. ఖరీదు తక్కువే, కానీ అది లేకుండా కారు ఫ్యాక్టరీ గేటు దాటదు. టయోటా వాడే పి-వాల్వుల్లో దాదాపు 99 శాతం ఆ ఒక్క ఫ్యాక్టరీవే. ఏ రోజు సరుకు ఆ రోజే తెప్పించుకునే టయోటా దగ్గర ఉన్న నిల్వ చాలా తక్కువ. రోజుల వ్యవధిలోనే టయోటా లైన్లు చాలా వరకు ఆగిపోయాయి. ఇక వారాల తరబడి కోలుకోదని బయటివాళ్ళు లెక్కలు కట్టారు.

అయినా వారం తిరిగేసరికి కార్లు మళ్ళీ బయటికి వస్తున్నాయి. ఐసిన్ తన డ్రాయింగులను అడిగినవాళ్ళందరికీ ఇచ్చేసింది. 62 కంపెనీలు వాల్వుల తయారీకి పూనుకున్నాయి. వాటికి పనిముట్లు, విడిభాగాలు అందించినవాటిని కలుపుకుంటే సంఖ్య రెండు వందలు దాటింది. కార్ల భాగాలు ఏనాడూ చేయని కుట్టు మిషన్ల కంపెనీ బ్రదర్ కూడా వాటిలో ఉంది. ఒక మామూలు మిల్లింగ్ మిషన్‌ను మార్చడానికి అది వందల పనిగంటలు వెచ్చించింది. ఆ తంటాలన్నీ రోజుకు 40 వాల్వుల కోసం! వ్యాపార లెక్కల్లో ఇది పిచ్చిపనే. వాల్వుకు ఎంతిస్తారు, డ్రాయింగు మీద హక్కెవరిది, నష్టమొస్తే ఎవరు భరిస్తారు అన్న బేరాలు ఆ వారంలో జరగలేదు. పని అయ్యాకే లెక్కలు తేలాయి. నేరుగా అయిన ఖర్చులు ఐసిన్ భరించింది. తనకు నేరుగా సరఫరా చేసే కంపెనీలకు ఆ జనవరి, మార్చి మధ్య అవి తనకు చేసిన అమ్మకాల్లో ఒక శాతాన్ని టయోటా కృతజ్ఞతగా ఇచ్చింది. మొత్తం 1,500 కోట్ల యెన్‌లు దాటింది. అందుకున్నవాళ్ళలో చాలామంది తమ కింది సరఫరాదారులకూ అదే విధంగా పంచారు.

ఇది జపానువాళ్ళ సంస్కృతి అని చెప్పి పక్కన పెట్టేయడం తేలిక. కానీ టయోటా సరఫరాదారుల సంఘం క్యోహోకాయ్ 1943 నాటిది. దాని సభ్యులు ఒకరి ఫ్యాక్టరీకి మరొకరు వెళ్ళి పని తీరు చూసుకోవడం, లోపాలు కలిసి దిద్దుకోవడం దశాబ్దాలుగా సాగుతున్న అలవాటు. ఎవరి మిషన్ ఏం చేయగలదో మంటలు రాకముందే తెలుసు. అంచనాకు కూర్చున్నవారికి ఇక్కడ దొరికేది చాలా మామూలు ప్రశ్న: ఈ కంపెనీ వెండర్లు ఒకరికొకరు తెలుసా? కొన్ని పెద్ద కంపెనీలు వెండర్లను కలవనివ్వవు. రేట్లు బయటపడతాయని వాటి భయం. బేరంలో దానివల్ల నాలుగు రూపాయలు మిగలవచ్చు. అగ్నిప్రమాదం రోజున మాత్రం ఒక్కో వెండర్‌ను కొత్తగా పరిచయం చేసుకోవాలి.

చెడు వార్త ఎంత వేగంగా నడుస్తుందన్నది ఇంకో కొలత. 2000 మార్చి 17న పిడుగు పడి, న్యూమెక్సికోలోని ఆల్బకర్కీలో ఫిలిప్స్ చిప్పుల ఫ్యాక్టరీలో చిన్న మంట రేగింది. పది నిమిషాల్లో ఆర్పేశారు. అయితే ధూళి రేణువు కూడా ఉండకూడని గదుల్లోకి పొగ చొరబడింది. ఆ ఫ్యాక్టరీ ఆర్డర్లలో సుమారు 40 శాతం నోకియా, ఎరిక్సన్‌లవే. ఒక వారం ఆలస్యమవుతుందని రెండింటికీ ఒకే కబురు అందింది. నోకియా ఆ మాట నమ్మినా, ఆ భాగాలను ప్రత్యేక నిఘాలో పెట్టి వారానికోసారి చేసే ఆరా రోజూ చేయడం మొదలుపెట్టింది. సమస్య పెద్దదని తేలేసరికి విషయం పైవాళ్ళకు తెలిసిపోయింది, నోకియా ఇతర ఫ్యాక్టరీల సామర్థ్యాన్ని ముందే పట్టేసుకుంది. ఎరిక్సన్‌లో కబురు కింది అంతస్తుల్లోనే ఉండిపోయింది. ఫోన్ల విభాగం అధిపతికి తెలిసేసరికి ఏప్రిల్ వచ్చింది. ఎరిక్సన్ కోల్పోయిన అమ్మకాలు దాదాపు 40 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది అది తన ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో కలిపేసింది. కారణం ఈ ఒక్క మంటే అంటే అతిశయోక్తే. అయినా ఇద్దరూ ఒకే వెండర్ నుంచి ఒకే రోజు ఒకే కబురు విన్నారన్నది మరువకూడదు.

చెడు వార్త వేగాన్ని మన దగ్గర కొలవడానికి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. గత ఏడాది చెడిపోయిన ఒక ఆర్డరును తీసుకోవాలి. సజావుగా జరిగిన ఆర్డరు ఏమీ చెప్పదు. కస్టమరు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలి: డిస్పాచ్, ఇన్‌స్పెక్షన్, జాబ్ వర్క్‌కు పంపిన చోటు, ముడిసరుకు, చివరికి కొనుగోలు ఆర్డరు (పి.ఓ.) పెట్టిన టేబుల్ దాకా. ప్రతి మజిలీలోనూ తేడా వచ్చిందని ఎప్పుడు తెలిసింది, పక్కవాళ్ళకు ఎప్పుడు చెప్పారు, చెప్పాక ఎప్పుడు కదిలారు అని అడిగి తేదీలు రాసుకోవాలి. హైదరాబాద్‌లోని బాలానగర్‌లో చిన్న యూనిట్లు నడిపేవాళ్ళకు ఈ కాగితం చూపిస్తే, తెలియడానికీ చెప్పడానికీ మధ్య ఖాళీ ఎందుకు వస్తుందో వెంటనే చెప్పేస్తారు. ముందే చెబితే ఆర్డరు ఇంకొకరికి పోతుంది, పైగా జరిమానాగా డెబిట్ నోట్ వస్తుంది. చెప్పకపోతే ఏమో, రాత్రి షిఫ్టులో సర్దేయొచ్చేమో! అంటే ఆ మౌనం వెండర్ గుణం కాదు, కొనేవాడు పెట్టిన షరతుల ఫలితం. ముందుగా చెప్పినవాడికి జరిమానా తగ్గించే నిబంధన ఉందో లేదో ఒప్పందంలో వెతకాలి. దాదాపుగా ఎక్కడా ఉండదు.

ఇక డబ్బు. దీన్ని కాస్త మొరటుగానే అడగాలి: బిల్లు పెట్టాక ఎన్ని రోజులకు చెక్కు వస్తుంది? 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆ గడువు దాటిన బకాయిని అసలు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలని 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చింది. చట్టం ఇంత గట్టిగా ఉన్నా వడ్డీ అడిగే చిన్న యజమాని అరుదు. అడిగితే వచ్చే ఏడాది పి.ఓ. రాదని అతనికి తెలుసు. అందుకే వార్షిక నివేదికలో భాగస్వాముల గురించి రాసిన పేరా కన్నా, అదే నివేదికలో చిన్న సంస్థలకు చెల్లించాల్సిన బకాయిల పట్టిక ఎక్కువ నిజం చెబుతుంది. ఆ పట్టికను నోట్స్‌లో ఎక్కడో వెనకపేజీల్లో పెడతారు. వెతికి చదవాలి.

వెండర్‌కు మార్కులు వేయని పెద్ద కంపెనీ లేదు. మరి పెద్ద కంపెనీకి మార్కులు వేసేదెవరు? అమెరికా కార్ల పరిశ్రమలో ఆ పని రెండు దశాబ్దాలకు పైగా జరుగుతోంది. కార్ల కంపెనీలతో తమ సంబంధాలు ఎలా ఉన్నాయో సరఫరాదారులనే అడిగి ఏటా ఒక సూచీ ప్రకటిస్తారు. దాని పైవరసలో ఏళ్ళ తరబడి కనిపించే పేర్లు టయోటా, హోండాలు. వాళ్ళు ధరల దగ్గర మెతకగా ఉంటారని ఎవరూ అనుకోకూడదు, బేరం కటువుగానే చేస్తారు. కాకపోతే తగ్గించమన్న ఖర్చును ఎలా తగ్గించాలో చూపించడానికి ఇంజనీర్లను పంపుతారు. అంచనా వేసేవాళ్ళు దీన్ని ఒక ప్రశ్నగా మార్చుకోవచ్చు. మూడేళ్ళ క్రితం ఈ కంపెనీతో పని మొదలుపెట్టిన చిన్న వెండర్ దగ్గర రిజెక్షన్ తగ్గిందా? కొత్త మిషన్ వచ్చిందా? ఇంకో కస్టమరును సంపాదించుకోగలిగాడా? మూడింటికీ లేదన్న జవాబే వస్తే, పెద్ద కంపెనీ లాభం ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించాల్సిందే.

ఇంత పొగిడిన టయోటా కూడా ఒక చోట బోల్తా పడింది. 2011 భూకంపం తర్వాత, సరఫరాదారులకు సరఫరా చేసే కంపెనీల దాకా వివరాలు సేకరించి పెద్ద సమాచార భాండారం తయారుచేసుకుంది. చిప్పుల కొరత మొదలైనప్పుడు మిగతావాళ్ళకన్నా ఎక్కువ కాలం నిలబడింది. అయినా 2021 సెప్టెంబరులో అనుకున్న ఉత్పత్తిని 40 శాతం తగ్గించుకోక తప్పలేదు. మరుసటి ఏడాది మార్చి 1న జపాన్‌లోని దాని 14 ఫ్యాక్టరీలూ ఒక రోజు పూర్తిగా ఆగిపోయాయి. దాదాపు 13 వేల కార్లు నిలిచిపోయాయి. ఈసారి మంటలు లేవు, భూకంపం లేదు. కోజిమా అనే ప్లాస్టిక్ భాగాల సరఫరాదారు కంప్యూటర్లలోకి సైబర్ దొంగలు చొరబడ్డారు. ఎవరి దగ్గర ఏ మిషన్ ఉందో తెలిసిన కంపెనీకి, ఎవరి కంప్యూటరుకు తాళం వదులుగా ఉందో తెలియలేదు. గత గండం మీద వేసిన మార్కులు రాబోయే గండానికి పనికిరావని దీన్ని బట్టి అర్థమవుతుంది. అంచనా పత్రంలో ఏటా కనీసం ఒక ప్రశ్నయినా కొత్తది ఉండాలి.

ధ్రువపత్రాలను నమ్మేముందు కరాచీని గుర్తు చేసుకోవాలి. అక్కడి అలీ ఎంటర్‌ప్రైజెస్ దుస్తుల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో పని పరిస్థితుల మీద అంతర్జాతీయ ధ్రువపత్రం వచ్చింది. సెప్టెంబరు 11న అందులో మంటలు రేగి 250 మందికి పైగా చనిపోయారు. కావాలనే నిప్పు పెట్టారని తర్వాత కోర్టు తేల్చింది. నిప్పు ఎవరు పెట్టినా, కిటికీలకు ఊచలు, మూసేసిన దారులు ఆ ధ్రువపత్రం ఇచ్చిననాడూ అక్కడే ఉన్నాయి. తయారైన దుస్తుల్లో ఎక్కువ భాగం కొన్నది ఒక జర్మన్ చవక దుకాణాల సంస్థ. ఆ దుకాణాల్లో కూర్చుని చూస్తే కాగితాలన్నీ సక్రమంగానే కనిపించి ఉంటాయి. ముందుగా చెప్పి వెళ్ళిన ఆడిట్‌లో కనిపించేది సున్నం వేసిన గోడ. చెప్పకుండా, అదీ రెండో షిఫ్టులో వెళ్ళినవాళ్ళకే ఊచలు కనిపిస్తాయి.

ఎవరు అంచనా వేయాలన్నది చివరికి మిగిలే చిక్కు. కన్సల్టెంట్‌ను పిలిస్తే బోలెడు ఖర్చు, రంగురంగుల స్లైడ్లు. టాటా గ్రూపు వేరే దారి పట్టింది. ఒక కంపెనీని అంచనా వేసేది గ్రూపులోని ఇతర కంపెనీల్లో పనిచేస్తున్న మేనేజర్లు. వాళ్ళు శిక్షణ పొంది, తమ రోజువారీ పని నుంచి కొన్నాళ్ళు తప్పుకుని వస్తారు. ఉక్కు తయారుచేసేవారు సాఫ్ట్‌వేర్ కంపెనీని ప్రశ్నించడంలో ఒక సుగుణం ఉంది. ఆ రంగంలోవాళ్ళకు అలవాటైపోయి కనిపించని లోపం వాళ్ళకు కొత్తగా కనిపిస్తుంది. వచ్చినవాళ్ళు మార్కులు వేయడమే కాదు, అక్కడ చూసిన మంచి పద్ధతిని తమ కంపెనీకి మోసుకెళ్తారు.

జీడిమెట్లలోనో, చర్లపల్లిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఉన్న యూనిట్లకు గ్రూపు ఉండదు కానీ పక్క షెడ్డు ఉంటుంది. పోటీ లేని రెండు మూడు యూనిట్ల యజమానులు ఏడాదికోసారి ఒకరి ఫ్యాక్టరీ ఒకరు చూసుకోవచ్చు. కస్టమరు పేర్లు, రేట్లు దాచుకోవచ్చు. దానికి ఎవరూ తప్పుపట్టరు. డెబిట్ నోట్ల ఫైలు, ఆలస్యమైన చలానాలు, జాబ్ వర్క్ వాళ్ళకు చెల్లించాల్సిన బిల్లుల జాబితా మాత్రం టేబుల్ మీద పెట్టాలి. వచ్చినవాడు యజమానితో గంట, సూపర్‌వైజర్‌తో గంట విడివిడిగా మాట్లాడాలి. ఇద్దరూ చెప్పిన తేదీలు కలవని చోట్లను ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టి కాగితం అక్కడే ఇచ్చి రావాలి. పాడైన ఆర్డర్లు మూడు తీసుకుంటే ఒక పూటలో అయిపోయే పని. రెండో ఏడాది అదే మనిషి రాకుండా వేరే షెడ్డు వాళ్ళను పిలవడం మేలు.